ఏట్లో నీళ్ళు

చూపు పోకముందు మోహన ఆదివారం వస్తే చాలు, సైకిలెక్కి కొండదారులన్నీ తిరిగేవాడు. ఇప్పుడు ఆలుమొగుళ్ళు ఇద్దరూ కలిసి తొక్కే సైకిలు ఒకటి తెచ్చుకున్నారు. ముందు పంకజాక్షి, వెనక ఆయన. భాకరాపేట కనుమ దిగుతూ ఆమె కనిపించిందల్లా చెప్తూ వచ్చింది. మలుపులో కోతులు, కింద మామిడితోపులు, కొండ మీద వాలిన మబ్బు.

తొండవాడ వంతెన ఎక్కగానే ఆయన అడిగాడు. "స్వర్ణముఖిలో నీళ్ళు పోతా ఉండాయా?"

ఆమె కిందికి చూసింది. అంతా ఇసుక, ముళ్ళకంప. ఆయన గొంతులో ఆశ విన్నాక లేవని చెప్పడానికి నోరు రాలేదు.

"పోతా ఉండాయి."

"అయితే ఆపు. కాళ్ళు తడుపుకుందాం."

సైకిలు ఆపింది గానీ దిగలేకపోయింది. "నీళ్ళు లేవు. మీరు బాధపడతారని అట్ల చెప్పినాను."

"మరి కోతులు?" అన్నాడు ఆయన.

"కోతులు నిజమే. మబ్బూ నిజమే. ఇదొక్కటే అబద్ధం."

"ఒక్కటి అబద్ధమైతే మిగతావి నమ్మేదెట్ల పంకజా? ఎండినా అది మన ఏరే గదా. ఉండేది ఉండినట్టు చెప్పు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఇసుకలోకి దింపింది. ఈసారి ఏదీ దాచలేదు. "ఈడ ఇసుక తోడిన గుంత ఉండాది. ఆడ కంపకు పాత చీర చిక్కుకోనుండాది."

"ఏం రంగు?"

"పచ్చది. బాగా వెలిసిపోయినాది."

ఆయన తలూపి, చెప్పులు విడిచి, వెచ్చటి ఇసుకలో ఇంకో నాలుగడుగులు వేశాడు.