పురుగులింట్లో చోటులేని డబ్బా

పట్టుపురుగుల విషయంలో రామక్క ఎవరిమాటా వినదు. అవి పొర విడిచే నాలుగో నిద్ర లేచి ఆవురావురుమని ఆకు తినే రోజుల్లో కన్నడసీమ సరిహద్దు ఊరు బైరకూరులోని ఆమె ఇంట్లోకి సబ్బు వాసన కూడా పోవడానికి లేదు, వాసన తగిలితే పురుగులు చస్తాయని. మొగుడు చిక్కవెంకటప్ప బీడీ వీధిలోనే ఆర్పి, నోరు పుక్కిలించి, అప్పుడు గడప దాటాలి. పట్టు పెంపకం నేర్చుకోవడానికి జపాన్ నుంచి వచ్చి ఆర్నెల్లుగా ఆ ఇంట్లోనే ఉంటూ కన్నడం నేర్చుకున్న యూకో కూడా ఈ చట్టానికి తలవంచింది.

ఆ పొద్దున మల్బరీ తోటలో ఆకు కోస్తున్న యూకోను రెండు కందిరీగలు కుట్టాయి.

"రెండే కదమ్మా, ఏమీ కాదు," అని రామక్క సున్నం పూసింది.

ఇల్లు చేరేసరికి యూకో ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. దద్దుర్లకు కంబళితో రుద్దాలని రామక్కకు తెలుసు. గొర్రెబొచ్చు కంబళి తెచ్చి వీపు మీద బరబరా రుద్దింది. యూకో దాన్ని విసిరికొట్టింది. పెదవులు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోతున్నాయి, ఊపిరి ఈలలా వస్తోంది. పాకుతూ వెళ్ళి తన పెట్టె తెరిచి బట్టలన్నీ కింద పారేసింది. ఖాళీ పెట్టెలో చేతులు పెట్టి తడుముతూనే ఉంది.

ఆ పిల్ల వెతుకుతున్నదేమిటో రామక్కకు తెలుసు. వచ్చిన కొత్తలో యూకో ఒక డబ్బా తెరిచి, లోపలి సూదిమందు చూపించి, రెండు వేళ్ళతో చేతిని కుట్టినట్టు, గొంతు పట్టుకున్నట్టు, మూత లాగి తొడలో పొడిచినట్టు నటించింది. రామక్క అప్పుడు పడీపడీ నవ్వింది. పోయిన వారం పురుగులు నిద్ర లేవగానే, మందు వాసన వస్తుందని, ఆ డబ్బాను చెప్పకుండా తీసేసింది.

తీసి ఎక్కడ పెట్టింది?

పశువుల కొట్టానికి పరుగెత్తింది. గోడగూట్లో లేదు. దూలం మీద లేదు. "యాడ పెట్టి చచ్చినానో," అని తలకొట్టుకుంది. ఇంట్లో యూకో ఊపిరి ఈల సన్నబడుతోంది. దూడ నోటికి అందుతుందని మళ్ళీ మార్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మూలనున్న పాత కుండలో చెయ్యి పెడితే డబ్బా దొరికింది.

ఇంట్లోకి పరుగెత్తింది. మూత లాగి, తొడమీద ఆనించి, శక్తికొద్దీ పొడిచింది. యూకో కళ్ళు తేలేస్తుంటే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఊపిరి ఆడింది.

పక్కింటి ఈశ్వరప్ప టమాటా వ్యానులో ఇద్దరినీ ఎక్కించుకుని ములబాగిలు ఆస్పత్రికి బయలుదేరాడు. "పురుగులకు ఆకెవరు వేస్తారక్కా?" అన్నాడు.

"గమ్మున నడుపప్పా," అంది రామక్క.

దారిలో యూకోకు మాట వచ్చింది. రామక్క చెయ్యి పట్టుకుని కన్నడంలో, నువ్వే బతికించావమ్మా అంది. ఆ మాట రామక్కకు కంబళికన్నా గరుకుగా తగిలింది.

"ఆ డబ్బా దాచిపెట్టింది నేనేనమ్మా," అంది తెలుగులో. యూకోకు తెలుగు రాదు, నవ్వుతూ తలూపింది. అంతటితో ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. రామక్క కిటికీ వైపు చూసింది, కొంగు నలిపింది, ఉండబట్టలేక అదే మాట కన్నడంలో చెప్పింది.

యూకో చెయ్యి వెనక్కు తీసుకుంది.

ఆస్పత్రి ముందు రామక్క ముందుగా దిగి, పట్టుకుంటుందో లేదోనని భయపడుతూనే చెయ్యి చాపింది. యూకో చాలాసేపు ఆ చెయ్యి వంక చూసింది. చివరికి పట్టుకుని దిగి, ఇకమీద డబ్బా నా గదిలోనే ఉండాలి అంది, కన్నడంలో, ఒక్కొక్క మాటా ఒత్తి.

"ఇంట్లోనే ఉంటాదమ్మా, నీ తలకాడే," అంది రామక్క. "ఉండేటివైతే పురుగులు ఉండనీ, లేకుంటే పోనీ."