హాజిర ఏడ్చిన సినిమా

తాండూరులో ఉన్న రోజుల్లో కౌసల్యమ్మ ఇంట్లో ఏ సినిమాకూ అసలు పేరుండేది కాదు. క్యాసెట్టు మీద అంటించిన కాగితం ఎప్పుడో చిరిగిపోయి ఉండేది, ఉన్నా చదివే ఓపిక ఎవరికుంది? బట్టల దుకాణం మూసిన ఆదివారాల్లో ఆమె భర్త సోమేశ్వర్ వీసీఆర్‌ను కిరాయికి తెచ్చి, నాపరాళ్లు పరిచిన ముందు గదిలో స్టూలు మీద పెట్టేవాడు. పెట్టీ పెట్టకముందే సగం గల్లీ వచ్చి చల్లటి బండల మీద చతికిలపడేది. తెర మీద గీతలు పడితే సోమేశ్వర్ లేచి దాని నెత్తిన ఒకటి చరిచేవాడు. గీతలు పోయేవి. మళ్లీ వచ్చేవి.

సినిమా అయిపోయి, జనం గడప దాటేలోపే దానికి ఒక పేరు పడిపోయేది. కౌసల్యమ్మ చూస్తూ చూస్తూ పొయ్యి సంగతి మరిచిపోయింది కాబట్టి ఒకటి 'అన్నం మాడిన సినిమా'. ఆ ఇంట్లో ఒక సినిమాకు దక్కే గౌరవం అంతకు మించి లేదు. అత్తగారు బుగ్గమ్మ గోడకు ఆనుకుని గురకపెట్టినవి 'అత్త పండుకున్న సినిమా'లు. అవి చాలానే ఉండేవి గనుక, ఏదో తేల్చుకోవాలంటే ఆమె మధ్యలో ఫైటింగుకు లేచిందా, పాటకు లేచిందా అని గుర్తు చేసుకోవాల్సి వచ్చేది. పక్కింటి పరశురాం వారమంతా పొగిడి తెప్పించగా, సగం దాకా కూడా ఎవరూ కూచోలేకపోయినది 'పరశురాం సినిమా'. ఆ తర్వాత పరశురాం ఏ సినిమా గురించి నోరు తెరిచినా "నువ్వుండు పరశురాం" అనేవారు.

వాటన్నిటిలోకీ కౌసల్యమ్మ మనసులో ఉండిపోయింది మాత్రం 'హాజిర ఏడ్చిన సినిమా'.

హాజిరాబీ వాళ్లది ఎదురిల్లు. భర్త జమాల్ బండల పాలిష్ మిషన్ దగ్గర పనిచేసేవాడు. పొద్దస్తమానం ఆ ఇద్దరాడవాళ్లకు ఒకరి గడపలో ఒకరికి పనే, కానీ సినిమాల దగ్గర మాత్రం పొసిగేది కాదు. కౌసల్యమ్మకు కళ్లు ఎర్రబడేదాకా ఏడిపించే సినిమా కావాలి. హాజిరకు ఫైటింగులు కావాలి, దొంగలు కావాలి, జీపులు ఎగిరి పడాలి.

"ఏడ్సే సినిమా తెచ్చుకొని మరీ ఏడ్సుడేందక్కా, ఇంట్ల ఏడ్సేది సాలదా?" అనేది. కౌసల్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటుంటే మోచేత్తో పొడిచేది.

అలాంటి మనిషి ఒక ఆదివారం మొదటి సీను నుంచే ఏడవడం మొదలుపెట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేటట్టు ఏడ్చింది. పేర్లు పడేటప్పుడు కూడా ఏడ్చింది, తెర మీద కుక్క పరుగెత్తుతుంటే కూడా ఏడ్చింది. సోమేశ్వర్ వెనక్కి తిరిగి చూసి నవ్వాడు.

"హాజిరమ్మా, గీ కుక్కకే గింత ఏడ్సినవంటే రేపు మనిషికేమన్నైతే ఏం జేస్తవ్?"

గదంతా గొల్లుమంది. కౌసల్యమ్మ కూడా నవ్వింది.

ఆ తర్వాత హాజిర ఆ ఇంటికి రాలేదు. ఆదివారం పిలిస్తే తలనొప్పి అనేది, పని ఉంది అనేది. గల్లీలో ఎదురైనా దూరం నుంచే పలకరించి పోయేది. కౌసల్యమ్మ కొడుకు, తను ఎత్తుకోకుండా ఒక్క పూట ఉండలేని పసివాడు రూపేష్‌ను కూడా ఎత్తుకోవడం మానేసింది. కొన్నాళ్లు బతిమాలి, కౌసల్యమ్మ కూడా మూతి ముడుచుకుంది. ఇంతలో సోమేశ్వర్ దుకాణం వికారాబాద్‌కు మారింది. సామాను లారీ ఎక్కుతుంటే హాజిర తన గడపలో నిలబడి చెయ్యూపింది తప్ప దగ్గరికి రాలేదు.

'ఆడమనిషి మనసారా ఏడుస్తుంటే నవ్వినం. ఎందుకొస్తది?' అని కౌసల్యమ్మ ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉంది.

మొన్న వికారాబాద్ కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే పక్కనున్నామె చెయ్యి చాపి, "ముదురుయి ఏరుతున్నవక్కా" అంది. హాజిర! జమాల్ పోయి కొన్నేళ్లయిందట. వికారాబాద్‌లో ఉన్న కూతురు తహసీన్ ఇంటికి వచ్చిందట. బెండకాయలు అక్కడే వదిలేసి ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఆదివారం ఇంటికి రమ్మంది కౌసల్యమ్మ. వస్తానంది హాజిర.

ఇంటికి వస్తూనే కౌసల్యమ్మ కోడలు రజినిని పిలిచింది.

"నాకొక సినిమా దొరకబట్టియ్యాలె నువ్వు. ఆదివారం లోపల."

"పేరేందత్తమ్మా?"

"పేరు ఎర్కుంటే నిన్నెందుకడుగుత?"

"హీరో ఎవరు?"

"మీసాలాయన."

"అందరికీ మీసాలుంటయి కదత్తమ్మా!"

"గాయిన టాంగా తోల్తడు. చెల్లెకు కండ్లు కనబడయి. ఒక నల్లకుక్క ఉంటది. చెల్లెకు జరమొస్తే, గా కుక్కనే పొయ్యి డాక్టర్ను కోటు పట్టి గుంజుకొస్తది."

రజిని ఫక్కున నవ్వింది.

"నవ్వకు" అంది కౌసల్యమ్మ. ఆ గొంతు విని రజిని నవ్వు ఆపేసి, ఫోను తీసి పక్కన కూచుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో గోడంత టీవీ ఉంది. నొక్కితే వందల సినిమాలు వస్తాయి. అన్నిటికీ పేర్లున్నాయి, పేరు కింద చుక్కలు కూడా ఉన్నాయి. ఎన్ని చుక్కలు పడ్డాయో చూసి రూపేష్ బాగుందో బాగాలేదో ముందే చెప్పేస్తాడు. చూడటం మొదలుపెట్టి పావుగంటకే ఇంకోటి మారుస్తాడు. సినిమా చూస్తూ అన్నం మాడబెట్టుకున్న వాళ్లెవరూ ఇప్పుడు లేరు. కుక్కరు ఈల వేసి చెబుతుంది.

తాండూరుకు ఫోన్లు చేశారు. పరశురాం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "గది నేను తెప్పించిన సినిమానే గద వదినా! నాకు పక్కా యాదికున్నది" అని ఒక పేరు చెప్పాడు. పెట్టి చూస్తే అందులో కుక్క లేదు, పాముంది. "నువ్వుండు పరశురాం" అని కౌసల్యమ్మ ఫోను పెట్టేసింది. రజిని ఫోనులో టాంగా అని, కుక్క అని, కళ్లు లేని చెల్లెలు అని అన్ని రకాలుగా అడిగి చూసింది. వంట మధ్యలో, బట్టలు ఆరేసే మధ్యలో వచ్చి "ఇదేనా అత్తమ్మా?" అని చూపించేది. శనివారం మధ్యాహ్నానికి తెర మీద ఒక టాంగా వెనకాల నల్లకుక్క పరుగెత్తుతూ కనిపించింది.

"గిదే! ఆపు, ఆపు. రేపు హాజిరతోనే చూడాలె."

ఆదివారం పొద్దున భర్తకు పాఠం చెప్పింది. "ఆమె ఏడుస్తది. నువ్వు నవ్వద్దు. ఒక్క మాట అనద్దు."

"నేనెందుకు నవ్వుత?" అన్నాడు సోమేశ్వర్.

"అప్పుడు నవ్వలేదా?"

"ఎప్పుడు?"

కౌసల్యమ్మ బల్ల మీది పేపరు తీసి అతని చేతిలో పెట్టింది. ఇన్నేళ్లుగా తను మోస్తున్నది ఆయనకు గుర్తే లేదు. "పేపర్ చదువుకో. మొఖానికి అడ్డం పెట్టుకొని చదువుకో" అంది.

హాజిర సేమ్యా ఖీరు డబ్బాతో వచ్చింది. వచ్చీ రాగానే రజినిని దగ్గరికి తీసుకుంది, రూపేష్ ఊళ్లో లేడని తెలిసి నొచ్చుకుంది. చాయ్ తాగాక కౌసల్యమ్మ కర్టెన్లు వేయించి, హాజిరను టీవీకి ఎదురుగా దివాను మీద కూచోబెట్టింది. తను పక్కన కుర్చీ వేసుకుంది, టీవీ వైపు కాదు, హాజిర ముఖం కనిపించేటట్టు.

"ఏం సినిమా అక్కా?"

"చూడు. నీకే తెలుస్తది."

సినిమా మొదలైంది. కాసేపటికి కౌసల్యమ్మ టీవీ వైపు తిరిగింది. ఆమె గుర్తుపెట్టుకున్న సినిమాలో కుండపోతగా వాన కురిసేది. ఇక్కడ ఎవరో బిందెతో పోస్తున్నట్టు హీరో తల మీదే పడుతోంది, వెనకాల రోడ్డు పొడిగా ఉంది. ఆమె మనసులోని చెల్లెలు దేవతలాగా ఉండేది. ఈ పిల్ల కళ్లు కనబడవంటూనే ఎదురుగా ఉన్న గ్లాసును టక్కున అందుకుంటోంది. రజిని పెదవి కొరుక్కుంటోంది. సోమేశ్వర్ ముఖం ముందు పేపరు సన్నగా వణుకుతోంది. కౌసల్యమ్మ ఇద్దరినీ కళ్లతోనే గద్దించి, హాజిర వైపు చూసింది. హాజిర కళ్లు పొడిగా ఉన్నాయి.

చెల్లెలికి జ్వరం వచ్చింది. కుక్క ఊరంతా పరుగెత్తింది. డాక్టరు కోటు పళ్లతో పట్టుకుని లాగింది. డాక్టరు కుక్క వంక చూసి, "ఏమిటీ, చెల్లెమ్మకు జ్వరమా?" అన్నాడు.

హాజిర పగలబడి నవ్వింది. దివాను మీద పక్కకు ఒరిగి, కడుపు పట్టుకుని నవ్వింది.

"యా అల్లా! గా డాక్టర్ కన్న కుక్కనే మస్తు యాక్షన్ చేస్తున్నదక్కా! గింత బేకార్ సినిమా యాడ దొరికింది నీకు?"

ఆగి ఆగి ఉన్న రజిని కూడా నవ్వేసింది. కౌసల్యమ్మ నవ్వలేదు.

"నవ్వుతున్నవా హాజిరా?"

"నవ్వక మరి?"

"ఇది నువ్వు ఏడ్సిన సినిమా."

"ఏందక్కా?"

"తాండూర్ల, మా ఇంట్ల. మొదటిసంది ఆఖరు దాక ఏడ్సినవ్. మా ఆయన నవ్విండు, నేను గూడ నవ్విన. నువ్వు మళ్ల మా గడప తొక్కలే. ఇయ్యాల ఎవ్వరు నవ్వకుండ, నువ్వు మంచిగ కూసొని చూడాల్నని నేను దేవులాడి దేవులాడి తెప్పిస్తి."

రజిని మెల్లగా సినిమా ఆపింది. కోటు నోట కరుచుకున్న కుక్క తెర మీద అట్లాగే నిలిచిపోయింది. హాజిర దాని వంక చాలాసేపు చూసింది, గుర్తుపట్టాలని చూసినట్టు.

"గిదా అది?" అంది చివరికి. "నేను సూడనే లేదక్కా. టీవీల ఏం నడిచిందో నాకు ఎర్కనే లేదు."

"మరి?"

హాజిర కొంగును వేలికి చుట్టుకుంది. "గా ముందటి దినమే ఆయనకు దగ్గుల నెత్తురు పడ్డది. మిషన్ దుమ్ము కదా, దగ్గు ఎప్పటిదే అనుకున్నం. డాక్టరు టీబీ అన్నడు. అనంతగిరి దవాఖానకు తీస్కపొమ్మన్నడు. ఇంట్ల ఏడ్వనీకె లేదు, ఆయన ముంగట ఎట్ల ఏడుస్త? బయట ఏడిస్తే అందరు ఏమైందంటరు. మీ ఇంట్ల ఏడ్సే సినిమా పెట్టిండ్రని పోరగాండ్లు చెప్పుకుంటుంటే ఇన్న. వచ్చి కూసున్న." వేలికి చుట్టిన కొంగు విప్పింది. "ఎవ్వరు అడగలే."

సోమేశ్వర్ పేపరు దించాడు. "మిర్చీ బజ్జీలు తెస్త" అని లేచాడు. వాకిట్లో చెప్పులు దొరకనట్టు చాలాసేపు అక్కడే తచ్చాడాడు.

"నాకు చెప్పద్దా?" అంది కౌసల్యమ్మ. గొంతులో కోపమే వచ్చింది. "నా మీద అలిగినవనుకున్న ఇన్నేండ్లు. నాకన్న చెప్పద్దా హాజిరా?"

"చెప్తే నువ్వు మా ఇంటికొస్తుంటివి. నీ సంకల పసిపోరడు ఉండె. ఆయనది ఊపిరి జబ్బు, నేను రోజు ఆయన పక్కన్నే ఉంటి. మీ ఇంట్లకు నేనెట్ల వస్త?"

వస్తుంటివి అంటోంది హాజిర, అంత నమ్మకంగా. నిజంగా కౌసల్యమ్మ వెళ్లేదా? ఆ రోజుల్లో ఫలానా ఇంట్లో టీబీ అంటే జనం ఆ గడప ముందు నుంచి నడవడానికి కూడా జంకేవారు. అత్త ఊరుకునేదా? అత్త మాట అట్లా ఉంచి, తను రూపేష్‌ను హాజిర ఒళ్లో వేసేదా? వేసేదాన్నే అని గట్టిగా అనుకోవాలని చూసింది. అనుకోలేకపోయింది.

"అత్తమ్మా, మళ్ల పెట్టాల్నా?" అని అడిగింది రజిని, ఏం చేయాలో తోచక.

"పెట్టు బిడ్డా, పెట్టు" అంది హాజిర కళ్లు తుడుచుకుని. "గా కుక్క ఇంకేం చేస్తదో సూద్దాం. అయిపోయినయి గవన్ని. ఆయనకు నిమ్మళమైంది, తర్వాత ఎన్నో ఏండ్లు బతికిండు."

"బంద్ చెయ్యి" అంది కౌసల్యమ్మ.

తెర నల్లబడింది. రజిని కర్టెన్లు తీసింది. కౌసల్యమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి దివాను మీద హాజిర పక్కన కూచుంది.

"సినిమా యాడికి పోదు. నువ్వు చెప్పు. అనంతగిరికి ఎట్ల పోతుంటిరి మీరు?"

"ఇప్పుడెందుకక్కా?"

"అప్పుడు అడగలే. ఇప్పుడు అడుగుతున్న."

హాజిర ఆమె వంక చూసింది, నిజంగానే అడుగుతోందా అన్నట్టు. తర్వాత కాళ్లు మడిచి దివాను మీద పెట్టుకుంది.

"పొద్దుగాల ప్యాసింజర్ ఎక్కుదుము. మీరు లేవకముందే పోదుము, ఎవ్వరు సూడకుండ. వికారాబాద్‌ల దిగి, బస్సు దొరికితే బస్సు, లేకుంటే గుట్ట మీదికి నడుసుడే. ఆయన జర నడిసి కూసుంటుండె, జర నడిసి కూసుంటుండె."

"నువ్వు?"

"నేను పక్కన నిలబడి సెట్లు సూస్తున్నట్టు చేస్తుంటి. తన కోసం ఆగిన్నని తెలిస్తే ఆయనకు కోపమొస్తుండె."

"తిననీకె ఏం కట్టుకపోతుంటివి?"

"జొన్నరొట్టెలు. ఆయనకు సయించకపోతుండె. రెండు పాళ్లు నేనే తింటుంటి, సిగ్గు లేకుండ." హాజిర నవ్వింది. నవ్వుతుంటే కళ్లు మళ్లీ నిండాయి. ఈసారి ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"రొట్టెల్లకు?" అని అడిగింది కౌసల్యమ్మ.

"ఆఁ?"

"రొట్టెల్లకు ఏం పెట్టుకపోతుంటివని."

హాజిర గుర్తు తెచ్చుకుంటూ కిటికీ వైపు చూసింది. కౌసల్యమ్మ తొందరపెట్టకుండా, కదలకుండా, ఆమె చెప్పేదాకా కూచుంది.