ఎర్నమ్మ బెణుకు మందు నూరిన కల్వం

నేను ఒక కల్వాన్ని. దోసిట్లో పట్టేంత నల్లరాతి రోలు అనుకోండి. నాలో పచ్చడి నూరరు, మందు నూరతారు.

శ్రీకాకుళం వైపు ఒక సంతలో ఎర్నమ్మ అత్తగారు నన్ను కొంది. పోయేముందు నన్నూ, బెణుకులకు వేసే ఆకు మందునూ కోడలు ఎర్నమ్మకు అప్పగించింది. "ఆకు పేరు ఒక్కరికే సెప్పాల. సెప్పినాక నీ సేతిలో మందు పని సెయ్యదు" అని చెప్పి మరీ పోయింది. ఆ పేరు మీకు చెప్తాననుకుంటున్నారేమో, చెప్పను గాక చెప్పను.

ముప్పై ఏళ్లు ఎర్నమ్మ గడియ వేసుకునే నూరింది. తాటిచెట్టు దిగుతూ జారినవాళ్లు, పొలం గట్టు మీద కాలు మడతపడినవాళ్లు కుంటుకుంటూ వచ్చేవారు. తగ్గాక "ఎర్నమ్మప్పా, నీ అస్తవాసే అస్తవాసి!" అంటే చాలు, ఆవిడకు కడుపు నిండిపోయేది.

వయసు మీదపడి చేతులు వణకసాగాయి. నాలో ఆకు సగమే నలిగేది. కోడలు సూరీడమ్మ "అత్తా, నాను నూరతాను, ఇటియ్యి" అంటే కసిరి పంపేది. తర్వాత నా ముందే కళ్లొత్తుకునేది. "సెప్పేస్తే నన్నింకెవులు పలకరిస్తారు?" అనేది. నాకు జాలీ వేసేది, ఒళ్లూ మండేది.

పోయిన వానాకాలం పెరట్లో పాచి మీద జారిపడి, నూరే చెయ్యే బెణికించుకుంది. మణికట్టు బూరెలా వాచింది. ఊరందరికీ మందు వేసిన మనిషి, తనకు నూరుకోలేక రెండు రోజులు మూలిగింది. మూడో రోజు కోడల్ని పిలిచి, చెవిలో ఆకు పేరు చెప్పి భోరుమంది.

"నాకు తెలుసత్తా" అంది సూరీడమ్మ నెమ్మదిగా.

"ఎప్పుట్నుంచే?"

"పెళ్లయొచ్చిన యేడే. కల్వం కడిగేది నానే గదా. ఆకు ఈనెలు కనపడవా, వాసన తెలవదా?"

"మరి సెప్పనేదేటే?"

"నాకు తెలిసిందంటే, నీ సేతిలో ఇంక మందు పని సెయ్యదని బెంగెట్టుకుంటావని."

ఓరి నా తల్లీ! పదిహేనేళ్లుగా రోజూ నన్ను తోమే మనిషి, ఇంత గుట్టు కడుపులో పెట్టుకుందని నాకే తెలియలేదు. ఎర్నమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది, చెయ్యి కదిలి మళ్లీ మూలిగింది. సూరీడమ్మ ఆకు తెచ్చి వెన్నలా నూరింది. అంత మెత్తగా నాలో మందు నలిగి ఎన్నాళ్లయిందో!

చెయ్యి కుదుటపడిన వారానికి ఒకాయన కాలీడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తనీ కోడల్నీ మార్చి మార్చి చూసి, "మందెవులేస్తారమ్మా?" అని అడిగాడు. సూరీడమ్మ నన్ను చేతిలో పట్టుకుని అత్త ముఖంలోకి చూసింది.

ఎర్నమ్మ కాళ్లు బారజాపి కూర్చుని, పాతచీర పీలిక విప్పుతూ అంది: "నా కోడలు నూరతాది. కట్టు నాను కడతాను. కూకో."