పాపాతి నిద్రపోని అధ్యాయం

హవల్దారు సుబ్రమణి సైన్యంలో ఉన్నంతకాలం తుపాకీ కంటే బియ్యం బస్తాలే ఎక్కువ మోశాడు. రిటైరయ్యాక ఆ లోటంతా నవలలో తీర్చుకుంటున్నాడు. ఇల్లు గుడియాత్తంలో, ఉద్యోగం వేలూరు సత్తువాచారిలో, ఓ ఏటీఎంకు కాపలా. ఆ చల్లని గదిలో కూర్చుని ఆయన పుట్టించిన మేజర్ భైరవ ఇప్పటికే శత్రువుల వంతెనలన్నీ కూల్చేసి, ఇక కూల్చడానికేమీ దొరక్క ఒక డ్యాము వైపు చూస్తున్నాడు.

రాసేది తెలుగులో. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే గానీ చదువుకున్నది అరవం. సుబ్రమణికి తెలుగు అక్షరాలు పట్టుబడ్డది కూడా సైన్యంలోనే, ఒక అనంతపురం స్నేహితుడి పుణ్యాన. అందుకని ఆ నవలకు పాఠకులంటూ ఎవరూ లేరు, వినే మనిషి మాత్రం ఒకతె ఉంది. భార్య పాపాతి. ఆదివారం భోజనాలయ్యాక చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ వినడానికి కూర్చుంటుంది. మేజర్ భైరవ పారాచూట్ విప్పేలోగా నిద్రపోతుంది.

పేజీకో బాంబు పెట్టి చూడమని తొరపాడిలో ఉండే సైన్యంనాటి దోస్తు నారాయణన్ సలహా ఇచ్చాడు. పెట్టాడు. బాంబుల మోతకు పాపాతి నిద్ర ఇంకా గాఢమైంది. దాంతో సుబ్రమణికి రోషం వచ్చి, ఈ ఆదివారం కూడా నిద్రపోయావంటే కాగితాలన్నీ నీళ్ళపొయ్యిలో పెట్టేస్తానని ఒట్టేశాడు. ఆమె పాపం మొహం కడుక్కుని మరీ వచ్చి కూర్చుంది.

మేజర్ భైరవ హెలికాప్టర్‌కు ఒంటిచేత్తో వేలాడుతుండగా చింతపండు మీద చేతులు ఆగిపోయాయి. డ్యాము పేలేసరికి గురక మొదలైంది. సుబ్రమణి ఆమెను తట్టి లేపి, ఇంత పెద్ద డ్యాము పేలితే భయమనేదే వేయలేదా అని నిలదీశాడు.

"పేలినాక భయమేముండాది? పేలేదాకానే గదా భయం," అన్నది పాపాతి ఆవలిస్తూ. "నీ మేజరుకు ఏమీ కాదని మొదటి దినమే తెలిసిపోయినాది. ఇంక నేనెందుకు మేలుకోవాల? భయమంటే ఆ పొద్దు రామస్వామి ఇంట్లో నేను పడినాను, అదీ భయం."

ఏ పొద్దో సుబ్రమణికి గుర్తులేదు. ఆమె చెప్పింది. ఆ ఏడు సరిహద్దులో యుద్ధం. వీధి మొత్తానికి ఫోను రామస్వామి ఇంట్లోనే. పాపాతి చేలో కలుపు తీస్తుండగా మిలిటరీ నుంచి ఫోను వచ్చిందనీ, కట్టయిందనీ, మళ్ళీ చేస్తారనీ కబురొచ్చింది. మట్టి చేతులతోనే పరుగెత్తింది. ఆమె లోపలికి రాగానే రామస్వామి టీవీ ఆపేశాడు. ఏనాడూ మంచినీళ్ళయినా ఇవ్వని అతని భార్య కుర్చీ వేసి, కాఫీ తెచ్చి పెట్టింది. ఎవరూ ఆమె మొహం వైపు చూడటంలేదు.

"ఆ కాఫీ చూసినాకనే నువ్వు ఇంక లేవనుకొంటి," అన్నది.

సుబ్రమణి ఒళ్ళోని కాగితాలు జారి కిందపడ్డాయి. ఆయన గమనించలేదు. తర్వాత ఏమైందని అడిగాడు. ఫోను మోగిందన్నది. ఎవరని అడిగాడు.

"ఎవరేంది? నువ్వే. ఎనుము ఈనిందా అని అడిగినావు."

అప్పుడు గుర్తొచ్చింది. ఎంత అడిగినా ఆమె నోరు విప్పలేదు. వెనక ఫోను కోసం జవాన్లు వరుసకట్టి ఉన్నారు. ఒళ్ళు మండి నాలుగు తిట్లు తిట్టి పెట్టేశాడు. నా పెళ్ళానికి ఎంత పొగరో చూడమని నారాయణన్‌తో కూడా చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత సుబ్రమణికి సిగ్గేసింది. తాను రాసిన అంత పెద్ద యుద్ధంలో ఇంటి దగ్గర ఎవరికోసమైనా ఎదురుచూసే మనిషి ఒక్కరూ లేరని తట్టింది.

ఒట్టు ఒట్టే కాబట్టి కాగితాలన్నీ పొయ్యిలో పెట్టాడు. డ్యాము బాగానే మండింది. ఆ వేణ్ణీళ్ళతోనే స్నానం చేశాడు.

మరుసటి ఆదివారం కొత్తగా రాసిన మొదటి అధ్యాయం తెచ్చి చదివాడు. మేజర్ భైరవ భార్య చేలో కలుపు తీస్తోంది. కబురొచ్చింది, పరుగెత్తింది, కాఫీ ఇచ్చారు. చింతపండు మీద పాపాతి చేతులు ఆగిపోయాయి. సుబ్రమణి భయపడుతూ తలెత్తి చూశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ ఫోను ఎవరిదో ఆమెకు తెలుసు, అయినా ఊపిరి బిగబట్టి వింటోంది. ఆయన హుషారుగా ముందుకెళ్ళాడు. మొగుడు తిట్టిన తిట్లకు ఆ ఇల్లాలు కుమిలి కుమిలి ఏడ్చిందని చదివాడు.

"అది తప్పు," అన్నది పాపాతి. "ఏడిస్తి గానీ దానికి గాదు. నువ్వు తిడతావుంటే, బతికుండాడు, బాగుండాడు అనుకొంటి. ఇంకొంచేపు తిట్టుంటే బాగుండునని ఫోను పట్టుకొని అట్లే నిలబడితి."

సుబ్రమణి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నా అక్షరాలు కనిపించలేదు. పాపాతి చింతపండు పక్కకు జరిపి ఆయన దగ్గరగా వచ్చి కూర్చుంది.

"చదువు," అన్నది. "నేను మేలుకొనే ఉండా."