ఒప్పుకోని ఉలి

పిల్లలూ, ఈ సంగతి మీకు ఇంతవరకూ చెప్పలేదు. ఈ దూరదేశపు పరుగుల్లో పడి వాయిదా వేస్తూ వచ్చాను, తప్పు నాదే. మీ నాయనమ్మ లారీలు బాగుచేసేదని మాత్రం మీకు తెలుసు.

ఆవిడ రోజూ పొద్దున్నే షెడ్డు తలుపు ఎత్తి, నేల మీది నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లి, జానెడు ఉక్కు ఉలిని సానబట్టేది. ఇనుమును కోసే ఉలి అది. తుప్పుతో పట్టేసిన నట్టును రెండే దెబ్బల్లో చీల్చేది. ఇంకా పనికొచ్చే నట్టు మీద పెడితే మాత్రం ఎంత కొట్టినా గాటు కూడా పడేది కాదు.

"ఉలి ఒప్పుకోవట్లేదు. నూనె పోసి విప్పుదాం, కాసేపు ఆగండి" అనేది నాయనమ్మ. డ్రైవర్లు సరేనని టీకి పోయేవారు.

ఒక మధ్యాహ్నం షెడ్డు యజమాని కొత్తగా రంగు వేయించిన లారీ ఒకటి తెచ్చాడు.

"ఛాసిస్ మీద నంబరుంది చూడు, అది చెరిగిపోయేలా చెక్కెయ్."

నాయనమ్మ వంగి చదివింది. ఆ నంబరే రాసిన కాగితం షెడ్డు గోడ మీద ఉంది. తన లారీని దొంగతనంగా అమ్ముకున్నాడని ఈ యజమానే పెట్టిన కేసులో పదిరోజులుగా ఒక డ్రైవరు స్టేషన్లో ఉన్నాడు. అతని భార్య షెడ్డు షెడ్డుకూ తిరిగి అంటించిన కాగితం అది. బీమా సొమ్ము కోసం లారీని దాచింది ఎవరో నాయనమ్మకు అర్థమైంది.

"చెక్కను."

"షెడ్డు ఎవరిదో మరిచావా?"

"మీదే. అయినా చెక్కను."

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా? ఇటు తే!" అంటూ ఆయనే ఉలి, సుత్తి లాక్కున్నాడు.

పని తెలిసినవాళ్లు ఉలి అంచును చూస్తూ కొడతారు. ఆయన వేళ్లు చితుకుతాయన్న భయంతో ఉలి తల మీదే కళ్లు పెట్టి కొట్టాడు. అందుకే కింద ఏమవుతోందో చూడలేదు. దెబ్బ దెబ్బకూ అంకెలు చెరగడం మాని ఇంకా లోతుకు దిగాయి, వెడల్పయ్యాయి. ఆయన చెమట తుడుచుకునే సరికి, రోడ్డు అవతలి పంక్చర్ల తాత నంబరంతా గట్టిగా చదివేశాడు.

"అమ్మాయ్, ఇది ఆ కాగితంలో నంబరేనే!"

టీ కొట్టు దగ్గరి జనమంతా వచ్చి లారీ చుట్టూ చేరారు. ఒకడు స్టేషనుకు పరిగెత్తాడు.

"నీ ఉలికి బుద్ధి చెప్పుకోలేవా?" అని అరిచాడు యజమాని.

"బుద్ధి కావలసింది దానికి కాదయ్యా."

"సాయంత్రానికల్లా షెడ్డు ఖాళీ చెయ్!"

"సాయంత్రం దాకా ఎందుకు?" అని నాయనమ్మ ఉలి అందుకుని, పానాల సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటింది. పొద్దుగూకే లోపే డ్రైవరును వదిలేశారు. షెడ్డు మాత్రం నాయనమ్మకు మళ్లీ దక్కలేదు. పంక్చర్ల తాత కట్టుకున్న టార్పాలిన్ పట్టా కిందే మిగతా జీవితమంతా పని చేసింది.

మీరు ఇది మీ పిల్లలకు చెప్పండి. కానీ నాయనమ్మకు భయమంటే ఏమిటో తెలియదని మాత్రం చెప్పకండి, అది అబద్ధం. "చెక్కను" అన్నప్పుడు మోకాళ్లు వణికాయని తనే నాతో అంది. వణుకుతూనే అన్నదని చెప్పండి.