విత్తనానికి పట్టించిన మందు

పెద్దవ్వ గుడిసెకు దొర మనుషులు నిప్పు పెడుతుంటే ఆమె కోడలు భూమక్క నోరు మెదపలేదు.

"గత్తర సోకిన ఇల్లు. ఉంచితే ఊరంత ఊడ్చుకపోతది" అన్నాడు పటేలు, ముక్కుకు రుమాలు కట్టుకుని దూరంగా నిలబడి. గడ్డి కప్పు భగ్గుమంది. కుండలు పగిలాయి. నులక మంచం, చనిపోయిన ముసలమ్మ కప్పుకున్న గొంగడి, అన్నీ బూడిదయ్యాయి. వాడంతా చేతులు కట్టుకుని చూసింది. కాల్చమని హుకుం దొరది. ఎల్లారెడ్డి తాలూకాలో ఆ రోజుల్లో దొర హుకుంను ఎందుకని అడిగినవాడి వీపు మీద తోలు మిగిలేది కాదు.

కాని భూమక్క నోరు మూయించింది భయం కాదు, సిగ్గు. గత్తర అని, అంటే కలరా అని, మొదట చెప్పింది ఆమే.

అసలు జరిగింది ఇది. ఉత్తర కార్తెలో దొర నల్లరేగళ్లలో తెల్లజొన్న విత్తుతారు. మగవాళ్లు గొర్రు తోలితే ఆడవాళ్లు వెనకాల నడుస్తూ గింజ వదులుతారు. పొద్దంతా వెట్టి. నడుమ ఇంత అంబలి పోస్తారు, అందులో జొన్న వెతికితే కనబడదు. అందుకే ప్రతి ఆడదీ ఇంటికి వచ్చేటప్పుడు పిడికెడు విత్తనం నడుము ముడిలో దాచుకుని వస్తుంది. అత్తల నాటి నుంచీ ఉన్నదే. దొరకూ తెలుసు. ఆ గింజకు ఒక కట్టుబాటు ఉంది. విత్తుడు పూర్తయ్యేదాకా దాన్ని దంచరు. చేను నిండకముందే దంచితే మొలక రాదని నమ్మకం. ఆఖరి రోజు సాయంత్రం అందరి గింజా ఒక్కచోట పోసి, కడిగి, దంచి, గట్క అనే జొన్న సంకటి వండుకుని కలిసి తింటారు.

భూమక్క ఆ కట్టుబాటు తప్పింది. మొగుడు బోధన్ దిక్కు చెరకు తోటల్లో పనికి పోయి జాడ లేడు. అత్త ఆకలికి తట్టుకోలేక నీళ్లు తాగి ముడుచుకుని పడుకుంది. ముసలి ప్రాణం అట్లా మూలుగుతుంటే వినలేక, తలుపు దగ్గరేసి, ఎవరికీ వినబడకుండా దంచి గట్క చేసింది.

"నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగింది పెద్దవ్వ.

"తిన్నత్తా" అని అబద్ధమాడి చేనుకు పోయింది భూమక్క. తిరిగి వచ్చేసరికి పెద్దవ్వకు వాంతులు, విరేచనాలు, కాళ్లు కొంకర్లు పోతున్నాయి. దీపాల వేళకు ప్రాణం పోయింది. వాకిట్లో కుండ అడుగు పొడుచుకు తిన్న కోడి కూడా కాళ్లు చాపి పడి ఉంది. కోడికి గత్తర వస్తుందని ఎవరూ విని ఉండరు. భూమక్కకు అప్పుడే తెలిసిపోయింది. కోడిని పెంటలో పూడ్చి, వచ్చినవాళ్లతో గత్తర అంది. దొంగగింజ తిని చచ్చిందన్న మాట అత్తకు రాకూడదు, కట్టుబాటు తప్పిందన్న మాట తనకు రాకూడదు. పేదవాళ్ల నెత్తిన దొరలు పెట్టిన బరువుల్లో అన్నిటికన్నా బరువైనది ఈ సిగ్గే.

మందులంటే ఆమెకు తెలియనివి కావు. చిక్కుడుకు పేను పడితే బూడిద చల్లుతారు. మిరపకు పొగాకు నానబెట్టిన నీళ్లు. గాదెలో పురుగుకు వేపాకు. జొన్న కంకికి కాటుక తెగులు రాకుండా విత్తనానికి మైలుతుత్తం పట్టిస్తారు. అది నీలంగా కంటికి కనబడుతుంది. నీలం పోయేదాకా కడిగితే తినొచ్చని ఆడవాళ్లకు తెలుసు. ఈసారి గింజ తెల్లగా, మెరుస్తూ ఉంది. దేశాల మధ్య లడాయి రోజులు కదా, మైలుతుత్తం దొరక్క మందే పట్టించలేదు కాబోలు అనుకున్నారంతా.

గుడిసె కాల్చిన మర్నాడు ఆఖరి విత్తుడు. భూమక్క తలొంచుకుని గింజ వదులుతోంది. చెప్పాలి, చెప్పాలి అని లోపల కొట్టుకుంటోంది. అందరి ఇళ్లలోనూ ఆ గింజే ఉంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. అంబలి తాగడానికి అందరూ గట్టు మీద కూర్చున్నారు. ఆడవాళ్లలో పెద్దది ముత్తవ్వ ఆమె పక్కకు జరిగి వీపు నిమిరింది.

"ఏడ్వకు బిడ్డా. అత్త పాయె, ఇల్లు పాయె. ఇయ్యాల విత్తుడు ఒడుస్తది. పొద్దుమీకి గట్క మా ఇంట్లనే వండుతం. పెద్దవ్వ పేరు మీద మొదటి ముద్ద నీకే పెడతం. అందరం అనుకున్నం."

ఆ మాటతో భూమక్క లోపల ఏదో తెగింది. తిట్టినా ఓర్చుకునేది. ఈ ప్రేమను ఓర్చుకోలేకపోయింది.

"తినకుండ్రి!" అని అరిచింది. "ఆ గింజ తినకుండ్రి. మా అత్తకు గత్తర రాలె. నేనే దంచి పెట్టిన. ముందుగాల దంచిన. కోడి గూడ సచ్చింది."

ముందు తేరుకున్నది మరియ, గొర్రు తోలే యాకూబు పెండ్లాం.

"మాతాన గింజేడిదే? మేం దొంగలమా?" అంది. అంటూనే ఆమె చేయి నడుము ముడిని కప్పుకుంది.

ముత్తవ్వ లేచి భూమక్క చెంప మీద ఒక్కటి వేసింది. "నిన్న ఎందుకు చెప్పలే? నా మనుమలు నిన్ననే ఆకలని ఏడిస్తే పెట్టేదాన్ని!"

"సిగ్గయిందవ్వా."

"నీ సిగ్గుకు వాడంత సావాల్నానే?" అని మళ్లీ చెయ్యెత్తింది గాని కొట్టలేకపోయింది. ఆమె కూడా అక్కడే కూలబడి ఏడ్చింది.

అప్పుడే దొర జీతగాడు వెంకటి విత్తనాల గంపతో వచ్చాడు. ముత్తవ్వ కళ్లు తుడుచుకుని అడిగింది.

"వెంకటీ, గిండ్ల ఏం కలిపినవురా?"

"ఎప్పటి మందే అవ్వా."

"అయితే కడిగిస్త, పిడికెడు బుక్కు."

వెంకటి గంప దించాడు. గింజల వంక చూశాడు. చేతులు వెనక్కి దాచుకున్నాడు. ముఖం ఎటు తిప్పినా ఎవరో ఒకరి కళ్లు తగులుతున్నాయి.

"పాషాణం" అన్నాడు చివరికి. "మిడతలకని దొర పట్నం నుంచి తెచ్చిండు. తవుడు, బెల్లంల కలిపి గట్ల మీద పెట్టాలెనట. దొర తలుపులు మూపిచ్చి విత్తనంల కలుపుమన్నడు. 'నీలంది వద్దు, కనబడితే కడుక్కుంటరు. బెల్లం నీళ్లతోని పట్టియ్యి, కడిగినా పోదు. ఒక్కతి సస్తే సాలు, ఇగ ఎవ్వతి నడుములా గింజ ఉండదు' అన్నడు. చెప్తే తోలు తీస్త అన్నడు. చెప్పలే. పెద్దవ్వ నాకు మేనత్త వరుస. విత్తుడుకు ముందట చేతులార కలిపిన, నిన్న చేతులార మట్టి పోసిన."

యాకూబు ఎడ్ల మెడ మీది కాడి దించేశాడు. "కామారెడ్డిల సంఘపోళ్లు చెప్పంగ విన్న. వెట్టి వద్దని సర్కారు ఫర్మానే ఉన్నదట. నడువుండ్రి, పోలీసు అమీను తాన చెప్పుదాం."

"ఏమని చెప్తవ్?" అంది మరియ. "నా పెండ్లాం దొంగ అని చెప్తవా?"

యాకూబు తడబడ్డాడు. "గింజ సంగతి తియ్యకుండ చెప్పుదాం. ఆడోళ్లు చేసిన పనికి మేమెందుకు తలొంచుకోవాలె?"

"ఏటేటా గట్క తిన్నప్పుడు ఏడిదని అడిగినవా యాకూబన్నా?" అంది భూమక్క. చెంప ఇంకా ఎర్రగా ఉంది. "నువ్వు తిన్నవ్, నీ పిల్లలు తిన్నరు. పొద్దంత విత్తింది మనం, గాదెలు నిండేది ఆయనయి. పిడికెడు తెచ్చుకుంటె మనం దొంగలం. గదే సిగ్గుతోని నేను అత్తను గత్తర అని మట్టిల కలిపిన. గింజ సంగతి తియ్యకపోతే ఏం సంగతి చెప్తవ్? గింజ లేకుంటె సావు గూడ లేదు గద!"

మగవాళ్లు నేల చూపులు చూశారు. యాకూబు ముల్లుగర్ర గట్టు మీద పడేసి ముందు నడిచాడు. వెనక అందరూ లేచారు. వాడలోకి వెళ్లి కుండల్లో, మూటల్లో దాచిన గింజంతా కొంగుల్లోకి ఒంపుకుని దొర గడీ దారి పట్టారు. చేను సగం విత్తి సగం విత్తకుండా ఉండిపోయింది.

ఆ పూట అమీను ఉండేది గడీలోనే అని అందరికీ తెలుసు. అంత మంచి కోడికూర తాలూకాలో ఇంకెక్కడా దొరకదు మరి. దొర కుర్చీలో నుంచి లేవకుండానే అంతా విన్నాడు. నవ్వాడు.

"విత్తనానికి మందు పట్టిచ్చుకున్న. నా విత్తనం, నా మందు. పురుగుల కోసం కలిపిన. విత్తనం మన్నుల పడాలె. మీ కడుపులకెట్లొచ్చింది? చెప్పుండ్రి. ఎవతి దొంగతనం చేసింది?"

ఆ ఒక్క ప్రశ్నకు గుంపంతా చల్లబడింది. దారంతా అరుస్తూ వచ్చినవాళ్లే. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు. దొరకు ఆ సిగ్గు సంగతి బాగా తెలుసు. తాతల నాటి నుంచి దాన్ని మేపుతున్నది ఆ గడీయే.

భూమక్క ముందుకు వచ్చింది. ముఖం కప్పుకోవాలనిపించింది. కప్పుకోలేదు.

"నేను తీసిన దొరా. ఏటేటా తీసిన. మా అత్త గూడ తీసింది. పురుగులకయితే ఎప్పటి తీర్గ నీలంది మా ముందట కలిపేటోనివి. తలుపులేసుకుని తెల్లది ఎందుకు కలిపినవ్? పురుగులకని తెచ్చినవ్, మాకని కలిపినవ్."

"ఒప్పుకున్నది. పట్టుకోండ్రి" అన్నాడు దొర. అమీను మూతి తుడుచుకుని లేచాడు. జవాను తాడు తెచ్చి ఆమె చేతులు కట్టాడు.

అప్పుడు ముత్తవ్వ వచ్చి కొంగు విప్పి మెట్ల మీద గింజ కుమ్మరించింది. "నేను గూడ తీసిన. నీ తండ్రి కాలం నుంచి తీసిన. కట్టు." మరియ వచ్చింది. ఏడుస్తూ, కోపంతో దొర ముఖం చూస్తూ కుమ్మరించింది. తర్వాత ఎవరు ఎవరి వెనక వచ్చారో ఎవరూ చూడలేదు. తెల్లటి గింజ మెట్లు నిండి దొర కాళ్ల దాకా పోయింది. దొర చప్పున కాళ్లు కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"కలిపింది నేను" అన్నాడు వెంకటి వెనక నుంచి. "ఎవరు కలుపుమన్నరో కచేరీల చెప్త."

అమీను దగ్గర ఉన్నది ఒక్కటే తాడు. భూమక్కను నడిపించుకుని ఎల్లారెడ్డి దారి పట్టాడు. పొమ్మన్నా పోకుండా ఊరంతా వెంట నడిచింది. దారి పక్క ఇంకో దొర చేలో గొర్రులు తిరుగుతున్నాయి. ఆ చేలోని ఆడవాళ్లు తాడు చూసి గట్టుకు వచ్చారు.

"ఏం చేసిందే పాపం?" అని అడిగారు.

భూమక్కకు మళ్లీ సిగ్గు ముంచుకొచ్చింది. ఊరుగాని ఊరివాళ్ల ముందు చేతులు కట్టించుకుని నిలబడింది. అయినా తలెత్తి, గొంతు పెంచి చెప్పింది.

"విత్తనం గింజలు తెచ్చుకున్న. దొర అండ్ల పాషాణం కలిపిండు. మా అత్త సచ్చిపోయింది. మీ గింజ నీలంగున్నదా, తెల్లగున్నదా?"

"నడువు!" అని జవాను తాడు గుంజాడు.

ఆ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలామె మగవాళ్లు చూస్తుండగానే నడుము ముడి విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని ఎండకు పట్టి చూసింది. వెనక చేలో గొర్రులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.