నాలుగో బేరింగు

భోజనాల వేళకి తిరువూరులో కరెంటు పోయింది. దాంతోపాటు ఇంట్లో ఇంటర్నెట్టూ పోయింది. పూజిత కంచం ముందు నుంచి లేచి, లాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకుని, విస్సన్నపేట రోడ్డులో ఉన్న తండ్రి రైస్ మిల్లుకి స్కూటీ తోలింది. అక్కడ జనరేటరుంది.

ఆమె చెన్నైలోని ఒక ఓడల కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. సముద్రం మీదున్న ఓడల ఇంజన్ల నుంచి అంకెలు వస్తూ ఉంటాయి. వాటిని బట్టి ఏ భాగం పాడవబోతోందో ముందే పసిగట్టే ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. డేటా సైన్సుకీ ఓడలకీ ఏం సంబంధమని చుట్టాలడిగితే, ‘ఇంజన్లకి జ్వరం చూస్తాను’ అని నవ్వేది.

ఆ రోజు నవ్వే పరిస్థితి లేదు. బొగ్గు వేసుకుని విశాఖ వస్తున్న ఓడ బంగాళాఖాతం మధ్యలో ఉంది. దాని ఇంజను షాఫ్టును మోసే బేరింగుల్లో నాలుగోది పొద్దుటి నుంచీ వేడెక్కుతోంది. దక్షిణాన వాయుగుండం బలపడుతోంది. రేపటికల్లా అది ఓడ దారిలోకి వస్తుంది. తుపానులో ఇంజను పట్టేసి ఆగిపోతే ఓడ అలలకి అడ్డం తిరుగుతుంది. తర్వాత ఎవరూ చేయగలిగేది ఉండదు.

మిల్లు ఆఫీసు గదిలో కూర్చుని చెన్నైకి ఫోను చేసింది. పైఅధికారి హర్షవర్ధన్ విసుగ్గా ఎత్తాడు.

“మళ్ళీ ఇంజను ఆపమంటావా పూజితా? పోయిన నెల నీ మాట మీద ఓ ఓడ ఆపించాం. విప్పి చూస్తే ఏమీ లేదు. పైవాళ్ళతో చివాట్లు తిన్నది నేను.”

“అప్పుడు సెన్సరు చెడింది సార్. ఇది అలా లేదు.”

“ఓడలో చీఫ్ ఇంజనీరు కూడా సెన్సరే చెడిందంటున్నాడు.”

“ఒక్కసారి ఆయన్ని లైన్లోకి తీసుకోండి సార్. ప్లీజ్.”

బయట మరలు ఆడుతున్నాయి. గోడలు అదురుతున్నాయి. ఉపగ్రహ ఫోనులో చీఫ్ ఇంజనీరు లాజరు గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. పూజిత రెండు సార్లు “వినపడట్లేదండీ” అని అరిచింది. తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి వెంకటకృష్ణారావు ఆమె మొహం చూశాడు. వెళ్ళి మిల్లు ఆపించేశాడు. వడ్లు ఆడించుకోవడానికి వచ్చిన రైతులు “ఇదేంటండీ?” అంటే, “కాస్త ఓర్చుకోండి” అన్నాడు.

“బందరు మనిషినమ్మా, తెలుగులోనే చెప్పు,” అన్నాడు లాజరు. “తుపాను ముందు ఇంజను ఆపమంటే మాటలా? విప్పి, చూసి, బిగించేసరికి ఆ గాలి మా నెత్తి మీదుంటుంది.”

“సెన్సరు చెడితే అంకె ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంది కదండీ. ఇది ఎగరట్లేదు. మీరు వేగం పెంచినప్పుడల్లా పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. కానీ ప్రతిసారీ ముందుకన్నా కాస్త పైనే ఆగుతోంది. పక్క బేరింగులు మామూలుగానే ఉన్నాయి.”

లాజరు అవతల ఎవరినో కేకేసి అంకెలు చదివించుకున్నాడు.

“నువ్వు పొరబడితే?”

“పొరబడితే నా ఉద్యోగం పోతుందండీ. నా మాట నిజమై మీరు ఆపకపోతే రేపు తుపానులో ఇంజనే పోతుంది. ఆపేదేదో సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడే, ఇప్పుడే ఆపండి.”

హర్షవర్ధన్ ఏదో అనబోయాడు. లాజరు అడ్డొచ్చాడు. “కెప్టెన్‌తో నేను మాట్లాడతాను సార్. ఆపుతున్నాం.”

తెర మీద ఇంజను వేగం సున్నాకి పడిపోయింది. ఇక పూజిత చెయ్యడానికేమీ లేదు. ఇంజను చల్లారాలి, దాని పక్క తలుపులు తెరవాలి, మనుషులు లోపలికి దూరాలి. మిల్లు మళ్ళీ మొదలైంది. తండ్రి టీ తెచ్చిపెట్టాడు. అది తొరక కట్టింది. వాయుగుండం తుపానుగా మారిందని ఫోనులో వార్త వచ్చింది. తనే వాళ్ళని దాని నోటికి అందించిందా?

చీకటి పడే వేళకి లాజరు ఫోను వచ్చింది.

“లోపల బేరింగు లోహం కరగడం మొదలైందమ్మా. తెల్లారేదాకా కూడా ఆగేది కాదు. మా దగ్గర కొత్తది ఉంది, మార్చేశాం. ఇంజను తిరుగుతోంది. కానీ మా ఫిట్టరు గిరిబాబుకి చెయ్యి విరిగింది. ఓడ ఆగి ఉన్నప్పుడు పెద్ద అల కొట్టింది, పట్టు తప్పాడు.”

‘హమ్మయ్య’ అనబోయిన పూజిత, అతన్ని ఏ ఆసుపత్రిలో చేరుస్తారో అడిగింది.

ఓడ తుపాను అంచు తగిలీ తగలకుండా విశాఖ చేరింది. హర్షవర్ధన్ అభినందిస్తూ అందరికీ మెయిలు పెట్టాడు. పూజిత దాన్ని సగమే చదివి, గిరిబాబు ఉన్న ఆసుపత్రికి ఫోను చేసింది.

“ఇంజను ఆపించింది నేనేనండీ,” అంది.

“తెలుసండీ, చీఫ్ చెప్పారు. ఎడం చెయ్యేలెండి,” అన్నాడు గిరిబాబు. “నొప్పి మాత్రం బాగానే ఉంది.” అబద్ధం చెప్పనందుకు అతని మీద పూజితకి గౌరవం కలిగింది. “మీరెప్పుడన్నా ఓడెక్కారా మేడమ్?” అని అడిగాడతను.

“దగ్గర్నుంచి చూడనేలేదండీ.”

“మరి రాకూడదూ! ఇంకా రేవులోనే ఉంది.”

పూజిత ఫోను పెట్టేసి తండ్రి దగ్గరికి వెళ్ళింది. “నాన్నా, రేపు విశాఖ వెళ్ళాలి. ముందు ఆసుపత్రికి.”

“పొద్దున బెజవాడ బస్సెక్కితే అక్కణ్ణుంచి రైలుంటుంది,” అన్నాడాయన. “నేనూ వస్తాను పద.”